పదిహేడక్క శీతాకాలపు లెక్క

ఊళ్ళో ఆమెను పదిహేడక్క అంటారు. పదిహేడో నంబరు ఇంట్లో ఉంటుందేమో అనుకునేరు, ఆమెది నాలుగో నంబరు ఇల్లు. పదిహేడుమంది తోబుట్టువులూ లేరు, ఉన్నది ఒక్క తమ్ముడు. ఆ పేరెందుకు వచ్చిందో ఆమె ఎదుట ఎవరూ ఎత్తరు. ఆమె అటు తిరిగిందంటే మాత్రం ఎత్తనివాళ్ళు లేరు. ఇరవయ్యారేళ్ళుగా ఈ భాగోతం నడుస్తూనే ఉంది. ఊళ్ళోకి కొత్తగా కాపురం వచ్చినవాళ్ళకి కూడా కూరగాయల కొట్టు ఎక్కడో చెప్పినంత శ్రద్ధగా ఈ కథ చెప్పి మరీ పంపిస్తారు.

ఆమె ఉద్యోగం వాతావరణ కేంద్రంలో. కేంద్రం అనగానే ఏ నాలుగంతస్తుల మేడో ఊహించుకోవద్దు. ఊరి చివర, విమానాలు దిగడం ఎప్పుడో మానేసిన మైదానం అంచున రెండు గదులు, ఒక రేకుల షెడ్డు, గడ్డిలో నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లటి చెక్క గూడు, అంతే. గూట్లో థర్మామీటర్లుంటాయి. షెడ్డులో గ్యాసుతో బెలూన్ నింపుతారు. నిండిన బెలూన్ మనిషిని మించిన ఎత్తుంటుంది. దాని కింద తాడు, తాడుకి చిన్న పారాచూట్, ఆ కింద అరచేతిలో ఇమిడే తెల్ల పెట్టె. రోజూ పొద్దున్న అయిదున్నరకి ఆమె దాన్ని వదులుతుంది. అది పైకి పోతూ పోతూ ఏ ఎత్తులో గాలి ఎంత వేడిగా ఉందో, ఎంత తేమగా ఉందో కింద గదిలో ఉన్న రిసీవర్‌కి చెబుతూనే ఉంటుంది. గంటన్నర దాటాక, మబ్బులన్నిటికీ పైన ఎక్కడో, బెలూన్ పగిలిపోతుంది.

ఆ అంకెలతో పగటి వేడి ఎంత ఉంటుందో లెక్కకట్టడం ఎండాకాలంలో పెద్ద విద్యేమీ కాదు. కిలోమీటరున్నర ఎత్తులో గాలి ఎన్ని డిగ్రీలుందో చూడాలి. కిందికి దిగే గాలి వంద మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది కాబట్టి పదిహేను కలపాలి. పైన ఇరవై ఉంటే మధ్యాహ్నానికి కింద ముప్పై అయిదు. ఎండకి నేల కాలుతుంది, నేల మీది గాలి లేస్తుంది, పైగాలి దిగుతుంది, గిన్నెలో గరిటె పెట్టి తిప్పినట్టు మొత్తం కలిసిపోతుంది. అందుకే ఆ లెక్క తప్పదు.

మరి ఆమె లెక్క ఎందుకు తప్పింది? అక్కడికే వస్తున్నాం. ఉద్యోగంలో చేరినప్పుడు ఆమెకి ఇరవయ్యొక్కేళ్ళు. వేసవిలో చేరింది, లెక్క నేర్చుకుంది, నాలుగు నెలలపాటు ఒక్కరోజు కూడా ఒక డిగ్రీ అటూ ఇటూ కాలేదు. ఇంకేముంది, తనంతటిది లేదనుకుంది. చలికాలం వచ్చింది. ఆమెకి పని నేర్పిన సీనియర్‌ని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన మూడు రోజులు సెలవు పెట్టిన సమయంలోనే హైస్కూలు హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. రేపు పిల్లల కవాతు ఉంది, స్వెటర్లు వేయిస్తే యూనిఫాం కనిపించదు, చలెంత ఉంటుందమ్మా అని అడిగాడు. పైన రెండు డిగ్రీలుంది. ఈవిడ పదిహేను కలిపింది. పదిహేడండీ, హాయిగా ఉంటుంది, స్వెటర్లెందుకు అనేసింది.

మర్నాడు పొగమంచు వీడితే ఒట్టు. మిట్టమధ్యాహ్నం నాలుగు డిగ్రీలు. మూడొందలమంది పిల్లలు పొట్టి చేతుల చొక్కాలతో రెండు గంటలు మైదానంలో నిలబడ్డారు. వారం రోజులు బడి బడంతా తుమ్ములే. టీ కొట్టు దగ్గర ఆమె కనిపిస్తే చాలు, ఎవడో ఒకడు "అక్కా, ఇవాళ కూడా పదిహేడేనా?" అనేవాడు. ఆమెకి తల కొట్టేసినట్టయ్యేది. అలా అంటుకున్న పేరు ఇక ఊడలేదు.

పెద్దాయన సెలవు నుంచి వచ్చాక తిట్టలేదు. చలికాలం ఎండకి అంత పొడుగు గరిటె లేదమ్మా అన్నాడు. ఈ రోజు ఎండ ఎంత ఎత్తు వరకూ కలపగలదో ముందు అడగాలి, ఆ ఎత్తు నుంచే లెక్క మొదలుపెట్టాలి, మామూలు చలిరోజున అది ముప్పావు కిలోమీటరుకి మించదు, అప్పుడు కలపాల్సింది ఏడున్నరే అని చెప్పాడు. పొగమంచు కమ్మి, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటే అసలు కలపనే కూడదన్నాడు. మూత ఉన్నంతసేపూ కిందది కిందే, పైది పైనే. ఆమె అదే రోజు ఒక నోటుపుస్తకం కొని, ప్రతి చలిరోజు అంకెలూ అందులో రాయడం మొదలుపెట్టింది. ఇప్పటికి అలాంటివి తొమ్మిది పుస్తకాలయ్యాయి.

ఆ టీ కొట్టు వేళాకోళం వల్ల ఒక మేలు కూడా జరిగింది. బెలూన్ పగలగానే రిసీవర్ కట్టేసి అందరూ టీకి వెళ్ళడం ఆ ఆఫీసు అలవాటు. ఇంకా వినడానికేముంది, పెట్టె పడిపోతోంది కదా! ఈవిడకి ఆ కొట్టు వైపు వెళ్ళాలంటేనే ఒళ్ళు మంట. ఒంటరిగా గదిలో కూర్చునేది, రిసీవర్ కట్టేసేది కాదు. పారాచూట్‌తో కిందికి పడుతున్న పెట్టె దారి పొడుగునా అంకెలు చెబుతూనే ఉంటుందని అప్పుడు కనిపెట్టింది. ఎవరూ అడగకపోయినా వాటిని కూడా పుస్తకంలో ఎడమ పక్క పేజీలో రాసుకునేది. ఎక్కేటప్పటి అంకెలు కుడి పక్క, పడేటప్పటి అంకెలు ఎడమ పక్క. చాలా రోజులు రెండూ ఒకటే. కొన్ని పొగమంచు రోజుల్లో మాత్రం రెండిటికీ పొంతనే ఉండేది కాదు. ఎందుకో అర్థం కావడానికి ఆమెకి మూడు చలికాలాలు పట్టింది.

పెళ్ళయింది, కూతురు పుట్టింది. భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు, మంచివాడు. వాతావరణం మీద ఆయనకి సొంత సిద్ధాంతం ఒకటుంది. అక్టోబర్‌లో స్వెటర్ వేసుకుంటాడు, మార్చిలో విప్పుతాడు, నా లెక్క ఎప్పుడైనా తప్పిందా అని భార్యని ఏడిపిస్తాడు. ఆయన మాటకి ఆమె నవ్వేస్తుంది. కూతురి మాటకే నవ్వలేకపోయింది. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళప్పుడు బళ్ళో ఎవరో "పదిహేడక్క కూతురు" అన్నారట. ఇంటికొచ్చి సంచీ విసిరికొట్టి, నువ్వా ఉద్యోగమైనా మానెయ్, మా స్కూలుకి రావడమైనా మానెయ్ అని ఏడ్చింది. ఉద్యోగం మానడం కుదరదు కాబట్టి ఆమె స్కూలుకి వెళ్ళడం మానేసింది. రెండేళ్ళపాటు స్కూలు మీటింగులన్నిటికీ భర్తే వెళ్ళాడు. పిల్ల పెరిగి ఆ సంగతి మర్చిపోయింది. తల్లి మర్చిపోలేదు, అంతే.

ఆ పిల్ల ఇప్పుడు ఇంజనీరు. ఊళ్ళో నది మీద కడుతున్న కొత్త వంతెన దగ్గర ఆరు నెలలుగా పనిచేస్తోంది. హెల్మెట్ పెట్టుకుని ఇంట్లోంచి బయల్దేరుతుంటే తల్లి వీధి మలుపు వరకూ చూస్తుంది, ఎవరైనా గమనిస్తే వాకిలి ఊడుస్తున్నట్టు నటిస్తుంది. వంతెన అంతా అయిపోయింది, మధ్యలో ఒక్క స్లాబ్ మిగిలింది. ఉదయం ఎనిమిదికి మొదలుపెడితే సాయంత్రం నాలుగు దాకా కాంక్రీటు పోస్తూనే ఉండాలి, మధ్యలో ఆపడానికి వీల్లేదు. పగలు అయిదు డిగ్రీలు దాటని రోజున అసలు పోయకూడదు. చలికి సిమెంటు గట్టిపడదు, లోపల నీళ్ళు గడ్డకడతాయి, పైకి స్లాబ్ నున్నగానే కనిపిస్తుంది కానీ బలం ఉండదు. దాని మీద రేపు బస్సులు తిరగాలి.

ఆ స్లాబ్ వేయాల్సిన రోజు ముంచుకొచ్చింది. సరిగ్గా అప్పుడే పెద్ద ఇంజనీరు ఆపరేషన్ అయి ఆస్పత్రిలో పడుకున్నాడు. వేయాలా వద్దా అని సంతకం పెట్టాల్సింది ఈ ఇరవైమూడేళ్ళ పిల్ల. కాంట్రాక్టరు తరఫు సైట్ మేనేజరు మిక్సర్ లారీలన్నీ వరస కట్టించి కూర్చున్నాడు. రేపు కాకపోతే అవి వేరే ఊరు వెళ్ళిపోతాయి, మళ్ళీ ఎప్పుడొస్తాయో చెప్పలేనని ముందురోజు సాయంత్రమే ఆమెకి వినిపించాడు. వాతావరణ శాఖ హెడ్డాఫీసు నుంచి పొద్దున్న ఏడు లోపల అంచనా వస్తుంది, అది చూసి చెప్తానని ఆమె అంది.

తల్లి ఆ పొద్దున్న ఆఫీసుకి వెళ్ళేసరికి పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, షెడ్డు నుంచి చెక్క గూడు కనిపించలేదు. గూట్లో థర్మామీటర్ సున్నా దాటి ఎనిమిది గీతలు చూపిస్తోంది. అంటే డిగ్రీ కూడా లేదు. అయిదున్నరకి బెలూన్ వదిలింది. రెండు నిలువుల ఎత్తు పోయిందో లేదో తెల్లదనంలో కలిసిపోయింది. లోపలికి వచ్చి అంకెల ముందు కూర్చుంది. ముప్పావు కిలోమీటరు దగ్గర ఒకటిన్నర డిగ్రీ. సరే. కిలోమీటరు దగ్గరికి వచ్చేసరికి, ఉన్నట్టుండి, తొమ్మిది.

ఆమె పెన్ను కింద పెట్టింది. గాలి అలా ఒక్క గెంతులో వేడెక్కదు. గెంతింది గాలి కాదు, పెట్టెలోని థర్మామీటరని ఆమెకి వెంటనే అనుమానం వచ్చింది. ఒంటి మీద నీళ్ళతో స్నానాల గదిలోంచి బయటికొస్తే వెచ్చటి గాలి తగిలినా వణుకు పుడుతుంది కదా, తుడుచుకునేదాకా తగ్గదు. థర్మామీటరు సంగతీ అంతే. పొగమంచులో నిలువునా తడిసి బయటికొచ్చింది, బయట ఎండుగాలిలో నీళ్ళు ఆరుతుంటే అది చల్లబడి, చల్లటి అంకెలే చెప్పుకుంటూ పోయింది. కిలోమీటరు దగ్గర పూర్తిగా ఆరేసరికి నిజం బయటపడింది. ఇదంతా ఆమె అనుమానం. నిజంగానే కిలోమీటరు ఎత్తులో మూత ఉండి, కింద అంతా చల్లగాలే ఉండి ఉంటే? అలా ఉండకూడదనేమీ లేదు.

తేడా చిన్నదైతే ఆమె ఊరుకునేదే. కానీ మూత ఎత్తుగా ఉంటే కింద గరిటె తిప్పడానికి చోటుంది. ఎండ పొగమంచుని చెదరగొడుతుంది, ఒకటిన్నరకి ఏడున్నర కలిపితే తొమ్మిది. మూత పొగమంచు నెత్తిమీదే ఉంటే ఎండ ఏమీ చేయలేదు, రోజంతా ఇలాగే. తొమ్మిదైతే స్లాబ్ వేయొచ్చు. ఇలాగే ఉంటే వేయకూడదు.

ఆరూ నలభైకి హెడ్డాఫీసు అంచనా వచ్చింది. పదకొండుకి పొగమంచు వీడుతుంది, పగటి గరిష్ఠం తొమ్మిది డిగ్రీలు. ఆమె ఫోన్ చేసింది. అవతల డ్యూటీ అధికారి కుర్రవాడే అయినా నెమ్మదస్తుడు, చదువుకున్నవాడు, ఈమెని అక్కా అనే పిలుస్తాడు. ఆమె తడి సంగతంతా చెప్పింది. ఆయన విసుక్కోలేదు. మీరన్నట్టు అయ్యుండొచ్చు, కాకపోయీ ఉండొచ్చు, చేతిలో ఉన్న అంకెల్ని బట్టే కదా నేను చెప్పాలి, రుజువేదీ అన్నాడు. రుజువుంటే అంచనా కాగితం కింద స్థానిక వ్యాఖ్య గడి ఉంది కదా, అందులో రాయండి, కాగితం వెళ్ళినచోటికల్లా అదీ వెళ్తుంది అని కూడా అన్నాడు. ఆమెకి ఆయన మీద కోపం రాలేదు. రుజువు అడగడం తప్పెలా అవుతుంది?

రుజువు ఇంకా పైకి పోతూనే ఉంది. అది పగలాలి, పడాలి, ఒళ్ళు ఆరిన థర్మామీటర్‌తో ఆ వెచ్చటి గాలిలోంచి కిందికి రావాలి. ఎనిమిది లోపల రావాలి. ఆమె కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగింది. ఏడూ పన్నెండుకి బెలూన్ పగిలింది. తోటి ఉద్యోగి అలవాటు కొద్దీ రిసీవర్ మీద చెయ్యి వేయబోతే, చెయ్యి తియ్ అని ఎంత గట్టిగా అరిచిందంటే, ఆయన టీకి కూడా వెళ్ళకుండా పక్కనే కూర్చుండిపోయాడు.

పెట్టె పడుతోంది. పది కిలోమీటర్లు. ఆరు. మూడు. కిందికి దిగేకొద్దీ రిసీవర్ గరగరలాడటం మొదలుపెట్టింది. దూరంగా కొట్టుకుపోయి ఉంటే ఈపాటికి మాట ఆగిపోయేదే. ఏ గాలిలేమి వల్ల ఈ పొగమంచు కమ్మిందో, ఆ గాలిలేమే పెట్టెని ఊరికి దగ్గరగా ఉంచింది. కిలోమీటరున్నర. కిలోమీటరు, తొమ్మిది. ఇక్కడే తేలిపోవాలి. ఎక్కేటప్పటి అంకె నిజమైతే ఇప్పుడు ఒక్కసారిగా ఒకటిన్నరకి పడిపోవాలి. తొమ్మిది వందల మీటర్లు, తొమ్మిది పాయింట్ రెండు. ఎనిమిది వందలు, తొమ్మిది పాయింట్ నాలుగు. ముప్పావు కిలోమీటరు, తొమ్మిదిన్నర. ఆ తర్వాత గరగర, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. గోడ గడియారంలో ఏడూ నలభై ఒకటి.

ఆమె ఎడమ పక్క పేజీలో తొమ్మిదిన్నర అని రాసింది. చెయ్యి అలవాటు కొద్దీ కింద ఏడున్నర వేసి గీత గీసి కలిపింది. కలిపి చూసుకుంటే పదిహేడు.

కాసేపు ఆ అంకె వంక అలాగే చూసింది. తర్వాత నవ్వొచ్చింది, పక్కనున్నాయన కంగారుపడేంత నవ్వు. ఇరవయ్యారేళ్ళ కిందట ఇదే అంకె పట్టుకుని, పగటి వేడి ఇదేనని హెడ్మాస్టరుకి చెప్పింది. ఇప్పుడు అదే అంకె చెబుతున్న మాట వేరు. ఈ మూత లేవాలంటే నేల పదిహేడు డిగ్రీలకి వేడెక్కాలి. పొగమంచు మీద పడి వెనక్కి మళ్ళే చలికాలం ఎండకి అంత సత్తువెక్కడిది? నోటుపుస్తకాల్లో ఇలాంటి రోజులు నలభైమూడున్నాయి. పొద్దున్న ఉన్నదానికి రెండు డిగ్రీలు కలిస్తే గొప్ప.

వ్యాఖ్య గడిలో ఆమె ఇలా రాసింది: థర్మామీటరు పొగమంచులో తడిసింది. పడేటప్పటి కొలత ముప్పావు కిలోమీటరు దగ్గర తొమ్మిదిన్నర. పొగమంచు వీడదు. పగటి గరిష్ఠం మూడు. సంతకం పెట్టబోతూ ఒక్క క్షణం ఆగింది. తప్పితే ఏమవుతుందో ఆమెకి తెలియనిదా? ఇంకా పదకొండేళ్ళ ఉద్యోగం ఉంది, మిగతా జన్మంతా మూడక్క అని పిలిపించుకోవాలి. తన సంగతి సరే, ఆ పిల్ల ఆరు నెలల ఉద్యోగంలో వేయదగ్గ స్లాబ్‌ని ఆపిందన్న మాట పడాలి. సంతకం పెట్టి పంపించింది.

రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"అమ్మా, పైన తొమ్మిది అని ఉంది. కింద నువ్వు మూడు అని రాశావు."

"రాశాను."

"అమ్మగా చెప్తున్నావా, ఆఫీసుగా చెప్తున్నావా?"

"సంతకం పెట్టాక రెండూ ఒకటే. మూడు దాటదు."

కూతురు సరేనని పెట్టేయలేదు. పడేటప్పటి కొలతనే ఎందుకు నమ్మాలని అడిగింది. తల్లి చెప్పింది. ఇలాంటి రోజులు పుస్తకంలో ఎన్నున్నాయని అడిగింది. నలభైమూడు అంది తల్లి. వాటిల్లో అయిదు దాటినవెన్ని అని అడిగింది. రెండు అని చెప్పక తప్పలేదు. ఆ రెండు రోజులూ పది లోపలే గాలి లేచింది, ఇవాళ రెండు కిలోమీటర్ల ఎత్తు దాకా ఆకు కదిలేంత గాలి కూడా లేదు అంది. అవతల లారీల ఇంజన్ల చప్పుడు, మేనేజరు గొంతు వినిపించాయి. సరే అమ్మా, ఉంటాను అని కూతురు ఫోన్ పెట్టేసింది. ఆ ప్రశ్నలు విన్నాక తల్లికి లోపల ఏదో పొంగింది. అమ్మ చెప్పింది కదా అని తలూపే పిల్ల కాదు ఇది, ఎలా తెలుసని అడిగే పిల్ల. ఎవరు నేర్పారో ఏమో అనుకుంది, ఎవరు నేర్పారో తెలిసి కూడా.

తొమ్మిది గంటలకల్లా, స్లాబ్ వేయడం లేదని ఆమెకి కబురొచ్చింది. పదీ నలభైకి మళ్ళీ ఫోన్. "అమ్మా, ఇక్కడ సూర్యుడు కనిపిస్తున్నాడు." ఇంకే మాటా లేదు, అదొక్కటే. తల్లి ఫోన్ చేత్తో పట్టుకునే లేచింది. బయటికి పరిగెత్తింది. నిజమే, తలెత్తితే కళ్ళు చికిలించకుండా చూడగలిగేంత తెల్లగా, పళ్ళెమంత సూర్యుడు. షెడ్డు నుంచి చెక్క గూడు కూడా కనిపిస్తోంది. గూడు తలుపు తీసి చూస్తే ఒకటి పాయింట్ తొమ్మిది. కనిపిస్తే కనిపించనీ, ఇంకా రెండు కూడా కాలేదని కూతురికి చెప్పింది. గొంతు మాత్రం ఆమెకే కొత్తగా వినిపించింది. అవతల మేనేజరు, ఎండలో నిలబడి లారీలు వెనక్కి పంపిన ఇంజనీరుని మొదటిసారి చూస్తున్నానని అందరికీ వినపడేలా అంటున్నాడట.

మధ్యాహ్నం భర్త కారియర్ పట్టుకొచ్చాడు. ఆవిడ ముద్ద ముట్టలేదు. పావుగంటకోసారి గూడు దగ్గరికి వెళ్ళడం, తలుపు తీయడం, వేయడం. అన్నిసార్లు తీస్తే నీ ఊపిరికే వేడెక్కిపోతుంది, చలికాలమంతా నాలా స్వెటర్ వేసుకు కూర్చుంటే ఈ గొడవే ఉండదు కదా అన్నాడాయన. ఆయన ఒంటి మీద రెండు స్వెటర్లున్నాయి. ఆమె ఉలిక్కిపడి తలుపు మూసి, దూరంగా వచ్చి నిలబడింది. పన్నెండున్నరకి సూర్యుడు మసకబారాడు. ఒంటిగంటకి కనిపించకుండా పోయాడు. గూడు మళ్ళీ తెల్లదనంలో కలిసింది. రెండున్నరకి రెండు పాయింట్ తొమ్మిది. మూడున్నరకి రెండు పాయింట్ ఏడు. దిగుతోంది. ఆ రోజుకి అంతే.

గరిష్ఠం రెండు పాయింట్ తొమ్మిది అని రిజిస్టర్‌లో వేసి, ఆమె కారియర్ విప్పి చల్లారిన అన్నం మొత్తం తినేసింది. నాలుగింటికి హెడ్డాఫీసు కుర్రవాడు ఫోన్ చేసి, అక్కా, ఆ ఎడమ పక్క పేజీలు కాపీ తీసి పంపిస్తారా అని అడిగాడు. మిగతా కేంద్రాలకి కూడా చలికాలంలో పెట్టె నేల తాకేదాకా రిసీవర్ కట్టేయొద్దని రాస్తానన్నాడు. తొమ్మిది పుస్తకాలున్నాయి, ఏది కావాలి అని ఆమె అడిగింది. అన్నీ అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆమె కుర్చీలో కాస్త వెనక్కి వాలి కూర్చుంది. ఇరవయ్యారేళ్ళలో ఆ కుర్చీకి వీపు ఆనించడం అదే మొదలేమో. అవును, గర్వపడింది. పడకూడదా?

ఆ తర్వాత ఆరో రోజున పడమటి గాలి వచ్చి పొగమంచుని ఊడ్చేసింది. ముప్పావు కిలోమీటరు దగ్గర మూడున్నర, కలిపితే పదకొండు. ఈసారి హెడ్డాఫీసు అంచనా, ఆమె వ్యాఖ్య ఒకటే. వెళ్ళిపోతాయని మేనేజరు అన్న లారీలు వెళ్ళనూ వెళ్ళాయి, మళ్ళీ రానూ వచ్చాయి. ఎనిమిదికి స్లాబ్ మొదలైంది. డ్యూటీ దిగాక ఆమె మొదటిసారి వంతెన దగ్గరికి వెళ్ళింది. కూతురు స్లాబ్ మీద, కాంక్రీటుని కుదించే వైబ్రేటర్ పట్టుకున్నవాళ్ళ మధ్య నిలబడి ఉంది. మేస్త్రీ ఆమెని గుర్తుపట్టి, రేకుల ఆఫీసు గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

బల్ల మీద సైట్ రిజిస్టర్ తెరిచి ఉంది. ఇవాళ్టి పేజీ కూతురి చేతిరాత. ఆమె ఊరుకోక ఆరు రోజులు వెనక్కి తిప్పింది. తేదీ ఉంది. అధికారిక అంచనా, తొమ్మిది. నిర్ణయం, స్లాబ్ వేయడం లేదు. ఆధారం అన్నచోట, పదిహేడక్క లెక్క అని ఉంది. కింద కూతురి సంతకం. సంతకం పక్కన, హోదా రాయాల్సిన చోట, ఇంజనీరు అని రాసి, ఆ కిందే ఇంకో ముక్క: పదిహేడక్క కూతురు.

ఆమెకి అక్షరాలు అలుక్కుపోయాయి. మేనేజరు లోపలికి వచ్చి ఆ పేజీ చూసి ఇబ్బందిగా నవ్వాడు. ప్రభుత్వ రిజిస్టర్‌లో ముద్దుపేర్లేంటి మేడమ్, కొట్టేయండి అని ఆ రోజు చెప్పానండీ, వినలేదు అన్నాడు. పదిహేడక్కంటే ఎవరో ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు, ఉండనివ్వండి అందట.

కూతురు బూట్లకి సిమెంటు అంటించుకుని గుమ్మంలోకి వచ్చింది. తల్లి ముందున్న పేజీ ఏదో చూసింది. చిన్నప్పుడు సంచీ విసిరికొట్టినప్పటి మొహం ఒక్క క్షణం కనిపించి మాయమైంది. కూతురు కూడా మర్చిపోలేదని తల్లికి అప్పుడు తెలిసింది.

"ఏం చూస్తున్నావమ్మా?"

"టైము చూస్తున్నా."

సంతకం కింద టైము వేసి ఉంది, ఏడూ యాభైరెండు. సూర్యుడు కనిపించి భయపెట్టడానికి మూడు గంటల ముందు. గూట్లో థర్మామీటరు ఒకటి కూడా దాటక ముందు. లెక్క ఒప్పో తప్పో తేలడానికి ఇంకా ఏడు గంటలున్నప్పుడు ఆ పిల్ల ఆ పేరు రాసుకుంది.